పెరటి మడిలో సోయా

నవీపేట్ నుండి బాసర త్రోవ పట్టినవారికి వానకాలమున నల్లరేగడి నేలలలో సోయాచిక్కుడు చేలు కానవచ్చును. పసుపునకు పేరుగన్న ఈ నిజామాబాద్ జిల్లాలో ఆ పంట మూడు, మూడున్నర మాసములలో చేతికివచ్చి, శనగకు నేల విడిచిపోవును. అయినను, క్వింటాళ్ల లెక్కన అంగడికేగి, మిల్లులో నూనెగాను, కోళ్ల దాణాలోనికి పిండిగాను మారిపోవు ఈ గింజ, తన్ను పండించినవాని వంటింటి గడప త్రొక్కుట అరుదు. ఈ వైపరీత్యమే నన్ను పెరటిలో ఒక చిన్న మడి సోయా విత్తుటకు పురికొల్పినది.

తొలకరి నేలను చక్కగా తడిపిన పిమ్మట, జూన్ నడుమ మొదలు జూలై నడుమ వరకు, వరుసకు వరుసకు మూరెడు ఎడమిచ్చి, అంగుళము లోతునకు మించకుండ గింజ వేయవలెను. దీని పైపొర మిక్కిలి పలుచన. నూర్పిడిలో గట్టిదెబ్బ తగిలినను, పాతబడినను మొలకశక్తి నశించును. కావున 100 గింజలు తడిగోనెలో చుట్టియుంచి, 70 అయినను మొలచినగాని విత్తనమును నమ్మరాదు. సోయా ఎన్నడును ఎరుగని పెరటి నేలలో దీనికి తగిన సూక్ష్మజీవులు చాలినన్ని ఉండవు గనుక, గింజకు రైజోబియం కల్చరు పట్టించుట అవశ్యకర్తవ్యము.

పూతవేళ ఒక మొక్కను మట్టితో పెకలించి, నీట కడిగి, వేరునంటియున్న బుడిపె నొకదానిని గోటితో చీల్చితిని. లోపల లేత గులాబివన్నె! మన నెత్తురున కెరుపునిచ్చు పదార్థమునకు చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ వలన కలిగిన వర్ణమది. ఆ వన్నె యున్నంతకాలము ఆ బుడిపె గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నదన్నమాట. యూరియా బస్తాకై వరుసలో నిలుచు మనకు, ఆ పని మన కాళ్లక్రిందనే ఉచితముగా సాగుచున్నదని చూపుటకు పెరటి మడిని మించిన గురువు లేడు.

కాయలు నిండి, పచ్చగా ఉన్నపుడే కోసి, ఉప్పునీట ఉడికించి, గింజ ఒలుచుకొని తినుట జపానువారికి చిరకాలపు అలవాటు. పల్లికాయలు ఉడికించుకొను మనకు అది క్రొత్త విద్య కాదు. ఎండుగింజలో నూటికి 40 పాళ్లవరకు మాంసకృత్తులు, 20 పాళ్లవరకు నూనె గలవు. అయితే ఉడకని గింజలో అరుగుదలను అడ్డు పదార్థము లుండును. రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించిన గాని తినరాదు.

రైతుసోదరులారా, రాబోవు వానకాలమున చేనికి తెచ్చిన విత్తనములో పిడికెడు పెరటికి మిగుల్చుకొనుడు. అమ్ముకొను పంట రుచి ఎరుగకుండుట సేద్యగానికి శోభ కాదు.