బైబిలునందలి వాఙ్నియమములు: విరోధాభాసము

బైబిలునందు వాక్కునుగూర్చిన విధినిషేధములు పరస్పరవిరుద్ధములని యాక్షేపించువారు కలరు. సామెతల గ్రంథము (11-13) కొండెగాని నిందించి, మర్మమును దాఁచువానిని నమ్మఁదగినవానిగాఁ బ్రశంసించును. లేవీయకాండము (5-1) సాక్షియై యుండియుఁ దా నెఱిఁగినది చెప్పనివాఁడు దోషి యనును. మౌన మొకచో గుణము, వేఱొకచో దోషము. ఇది పూర్వపక్షము.

దీనికిఁ బూర్వవాక్యముకంటెఁ బరవాక్యము బలీయమని సమాధానము చెప్పవచ్చును. తుల్యబలములగు విధులకు విరోధము వచ్చినపుడు పరకార్యమే యగుననుట పాణినీయమునఁ (1-4-2) బ్రసిద్ధము. కాని యా న్యాయ మిచ్చటఁ జెల్లదు. సామెతల 26వ యధ్యాయమున 4వ వచనము మూఢునకు వాని మూఢతచొప్పున నుత్తర మీయవలదనఁగా, 5వ వచనము ఈయవలయు ననుచున్నది. పరమే గ్రాహ్యమైనచోఁ బూర్వమునకు వైయర్థ్యము సంభవించును.

ఇట్టి విరోధములవలననే యూదపండితు లా గ్రంథమును మఱుఁగుపఱుపఁదలఁచిరనియు, పిదప మొదటిది లౌకికవిషయము, రెండవది ధర్మశాస్త్రవిషయము అని సమన్వయించిరనియుఁ దాల్ముదునందు షబ్బాతు ప్రకరణమునఁ గలదు. ఇది రమ్యమే, అయినను విషయభేదము వెలుపలినుండి తేఁబడినది. మూలముననే హేతువులు వేఱుగా నుండఁగా నధ్యాహార మేల? నీవును వానితో సముఁడ వగుదువని మొదటిదానికి హేతువు. వాఁడు తన్నుఁ దాను జ్ఞానిగా నెంచుకొనునని రెండవదానికి. అది వక్తను రక్షించును, ఇది మూఢుని. హీబ్రూమూలమున "మూఢతచొప్పున" నను పద మొక్కటియే యైనను, మొదట సాదృశ్యమును, తరువాత నౌచిత్యమును దెలుపుచున్నది.

కొండెమువిషయమునను హేతువే శరణము. లేవీయకాండమునఁ (19-16) గొండెగానిఁ దెలుపు హీబ్రూపదము రాఖీల్. వర్తకవాచకమగు రోఖేల్ పదమునందును నవే మూఁడు హల్లులు. మాటను సరకువలె నింటింటఁ ద్రిప్పువాఁడను భావ మిందుఁ దోఁచును. ఆ వచనముయొక్క యుత్తరార్ధమే, పొరుగువాని రక్తముమీఁద నిలువవలదని శాసించుచున్నది. సాక్ష్య మెఱిఁగినవాఁడు మౌనము వహింపరాదని సిఫ్రా యను ప్రాచీనవ్యాఖ్య దీనినుండియే గ్రహించినది. మత్తయి సువార్తయు (18-15 మొదలు 17 వఱకు) దోషము నేకాంతమున దోషితోను, అతఁడు విననిచో నొకరిద్దఱ యెదుటను, తుదకు సంఘముతోను జెప్పవలయునని క్రమమును నిర్ణయించినది. పరులతోఁ జెప్పుటయే కొండెమైనచో నీ క్రమ మెట్లు పొసఁగును?

కావునఁ బరోక్షభాషణము కొండెమునకు లక్షణము కాదు. సాక్ష్యమునందును మొఱయందును నతివ్యాప్తి కలుగును. పొరుగువానికి హానిగోరి, లేక వినోదమునకై, త్రిప్పు మాట కొండెము. హానిని మాన్పుటకై తగినవారితోఁ జెప్పు మాట సాక్ష్యము. పీడితుఁడు పెద్దలయొద్ద మొఱవెట్టుకొనఁగాఁ గొండెమని వాని నోరు నొక్కువారు, ఆ వచనముయొక్క పూర్వార్ధమును మాత్రమే చదివినవారు.