ఆలస్యానికి మన్నింపు

మా మేనత్త పేరుమీద ఉన్న రచన ఒకే ఒక్కటి. రెండు పేజీల అఫిడవిట్. రాసింది ప్లీడరుగారు, టైపు చేసింది ఆయన గుమాస్తా, అడుగున వంకరటింకర సంతకం మాత్రం అత్తయ్యది. 1,126 రోజుల ఆలస్యాన్ని మన్నించమని కోర్టును వేడుకుంటూ వేసిన పిటిషన్‌కు అది జత. ఎదుటి పక్షానికి ఇచ్చిన కాపీ మా నాన్న బీరువాలో దొరికింది నాకు. ఎదుటి పక్షం మా నాన్నే.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. "నేను" అంటూ మొదలయ్యే ఈ కాగితాన్ని కూడా ఆత్మకథగా చదవాలని ఇన్నాళ్లూ నాకు తోచలేదు.

తాతయ్య వీలునామాలో పొలమూ ఇల్లూ ఇద్దరు కొడుకులకు రాశారు. కూతురికి ఇవ్వవలసింది పెళ్లిలోనే ఇచ్చేశానన్న మామూలు వాక్యం ఒకటి అందులో ఉంది. ఆయన పోయాక అన్నదమ్ములు పంపకం దగ్గర పేచీపడి కోర్టుకెక్కారు. అత్తయ్యను ప్రతివాదిగా చేర్చారు. ఆమె హాజరు కాలేదు. 2009లో ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. అలాంటి డిక్రీని రద్దు చేయమని అడగడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 30 రోజులు. అది దాటితే అదే చట్టం 5వ సెక్షన్ కింద "తగిన కారణం" చూపించాలి.

అత్తయ్య చూపించిన కారణం పచ్చకామెర్లు. నాటుమందు, పథ్యం, మంచం. కోర్టు కాగితాలతో పరిచయమున్నవాళ్లకు ఈ కామెర్లు కొత్త కాదు. గడువు దాటిన ప్రతి మనిషికీ అవే వస్తాయి. అత్తయ్యకు మాత్రం జన్మలో రాలేదు.

అసలు కారణం ఆమే నాకు చెప్పింది. "సమన్లు మీ మావయ్య తీసుకుని అలమరలో పెట్టేశారమ్మా. నాకు తెలిసేసరికి సంక్రాంతి. మీ నాన్న చీర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పసుపు కుంకుమ చేతిలో పెడుతున్న అన్న మీద కోర్టుకెలా వెళ్తాను?" ఆ తర్వాత మావయ్య పోయారు. పుట్టింట్లో ఒక గది ఇమ్మని అడిగితే కుదరదన్నారు. అప్పుడు వెళ్లింది కోర్టుకి.

ఈ కారణాన్ని అఫిడవిట్‌లో ఎందుకు రాయలేకపోయారు? చట్టం జబ్బును వింటుంది, బంధుత్వాన్ని వినదు. లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ మైనర్లకూ మతిస్థిమితం లేనివాళ్లకూ గడువును వాయిదా వేస్తుంది. పుట్టిల్లు పోతుందన్న భయానికి అందులో చోటు లేదు. ప్రతివాది ఇంట్లో లేకపోతే సమన్లను ఆ ఇంట్లోని వయసొచ్చిన మగవాడికి ఇవ్వవచ్చని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అన్నది. "ఆడైనా మగైనా" అన్న మాట చేరింది 1976 సవరణతో. ఆ మాట చేరినా, అత్తయ్య పేరున వచ్చిన కాగితం మావయ్య అలమరలోకే పోయింది. భర్తకు అందితే భార్యకు అందినట్టే.

గడువులే ఉండకూడదని నేననడం లేదు. వీలునామా తగాదా తరాల తరబడి నడిచి, ఆస్తంతా ఖర్చుల కిందే హరించుకుపోవడం డికెన్స్ "బ్లీక్ హౌస్"లో చూశాం. నా ప్రశ్న వేరు. ఈ గడియారం ఎవరి దినచర్యను బట్టి తిరుగుతోంది?

ఇ.ఎం. ఫార్‌స్టర్ 1910లో రాసిన "హోవర్డ్స్ ఎండ్" ఇప్పుడు మళ్లీ చదివాను. మరణశయ్య మీదున్న రూత్ విల్‌కాక్స్, తన సొంత ఇల్లు మార్గరెట్ అనే స్నేహితురాలికి చెందాలని పెన్సిల్‌తో చీటీ రాస్తుంది. తేదీ లేదు, సంతకం లేదు. భర్తా పిల్లలూ పద్ధతిగా చర్చించి, చెల్లదని తేల్చుకుని, ఆ చీటీని పొయ్యిలో వేస్తారు. చట్టప్రకారం వాళ్లది తప్పు కాదు. అయినా రచయిత వాళ్లను పూర్తిగా నిర్దోషులుగా వదలడు. ఇన్నేళ్లూ ఆ ఘట్టాన్ని ఆస్తికీ ఆత్మీయతకూ మధ్య ఘర్షణగానే పాఠం చెప్పాను. అత్తయ్య కాగితం పక్కన పెట్టి చదివితే ఇంకొకటి కనిపించింది. రూత్ చీటీలో ఆమె గొంతు ఉంది, చట్టానికి కావలసిన రూపం లేదు. అత్తయ్య అఫిడవిట్‌లో రూపం ఉంది. స్టాంపు, నోటరీ, సంతకం, అన్నీ ఉన్నాయి. ఆమె లేదు.

హక్కులు రాలేదని కాదు. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన కూతుళ్లను ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ వాళ్లనీ కలుపుకుని, ఉమ్మడి ఆస్తిలో కూతురిని పుట్టుకతోనే వాటాదారును చేసింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని స్థిరపరిచింది. కానీ హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ తండ్రి చేతిలో వీలునామాను అలాగే ఉంచింది. వాటా ఇచ్చే చట్టం ఒకటి, వేళ మించిందనే చట్టం ఇంకొకటి. ఆడపిల్ల రెండింటి మధ్యా నిలబడి ఉంది.

ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ కావాలని మరీ పట్టుబట్టవద్దని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. అయినా అత్తయ్య పిటిషన్ కొట్టేశారు. కామెర్లకు డాక్టరు సర్టిఫికెట్ లేదు.

బీరువాలో ఆ కాపీకి గుచ్చి మా నాన్న కౌంటరు కూడా ఉంది. పిటిషనరు తన హక్కుల మీద నిద్రపోయిందని అందులో రాశారు. నాకు గుర్తున్నంతవరకూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కళ్లాపి చల్లే మనిషి అత్తయ్య.

ఆమె పోయింది. నా కాలేజీ ఫీజులూ హాస్టల్ బిల్లులూ ఆ పొలం కౌలు మీద కట్టినవే. స్త్రీల మౌనం గురించి నేను రాసిన థీసిస్ కూడా ఆ డబ్బు మీద సాగినదే. అంటే ఆమె దగ్గరికి నేనూ గడువు దాటాకే వచ్చాను. నా ఆలస్యానికి కూడా ఒక కారణం రాయాలి కదా. కామెర్లని మాత్రం రాయను.