టోపీ కొనలో దూది

సుల్తాన్ బజార్‌ను ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవారు. పక్కనే కోఠీలోని ఆ బ్రిటిష్ రెసిడెన్సీకి వైద్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి, నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో, మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చే కమిషన్లు నడిపాడు. రెండో దానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. నివేదికలో నన్ను కట్టిపడేసేది మత్తిచ్చే సాధనం: టోపీలా చుట్టిన శంకువు, కొనలో లోపల కాస్త దూది. అంతే.

క్లోరోఫాం మరిగేది 61 డిగ్రీల దగ్గర. ఆవిరి కావడానికి మాత్రం మరగనక్కర్లేదు. ద్రవంలో అణువులు ఢీకొంటూ వేగాన్ని పంచుకుంటాయి. పైపొరలో ఏదైనా అణువుకు పొరుగువాటి ఆకర్షణను తెంచుకునేంత వేగం చిక్కితే గాలిలోకి లేచిపోతుంది. దూది పోగుల మీద ద్రవం పల్చగా పరుచుకుంటుంది కాబట్టి పైపొర విస్తారం, అందుకే ఆవిరీ త్వరగా పుడుతుంది. జోరుగలవి వెళ్ళిపోయాక మిగిలేవి నెమ్మదివి. దూది చల్లబడి ఆవిరి తగ్గుతుంది.

ఇక ఎండ సంగతి. 20 డిగ్రీల నుంచి 40కి చేరితే అణువుల సగటు గతిశక్తి నూటికి ఏడు వంతులే పెరుగుతుంది, ఆవిరి పీడనం మాత్రం రెట్టింపు దాటుతుంది! తప్పించుకోవడానికి కావలసిన శక్తి సగటుకు చాలా పైన ఉంటుంది. పరీక్షలో తరగతి సగటు కాస్త పెరిగినా తొంభై దాటేవాళ్ళ సంఖ్య ఎన్నో రెట్లు అయినట్టే ఇదీ. కాబట్టి లండన్ చలిలో సరిపోయిన చుక్కల లెక్క హైదరాబాద్ మధ్యాహ్నానికి పనికిరాదు.

కమిషన్ చుక్కల లెక్కను కాక శ్వాసనే నమ్ముకోమంది. టోపీని ముఖానికి అదమకూడదు, గాలి కలవనివ్వాలి. రోగి ఊపిరి బిగబట్టినా దూది నుంచి ఆవిరి రావడం ఆగదు. అది టోపీ లోపల పోగవుతుంది. ఆ తర్వాతి లోతైన శ్వాసలోనే మోతాదు మించుతుందని నివేదిక ప్రత్యేకంగా హెచ్చరించింది. ఎంత శ్రద్ధగా చూశారో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పనిలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందింది.

క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న కమిషన్ తీర్పు నిలవలేదు. తేలికపాటి మత్తులోనే గుండె లయ చెదిరి ఆగిపోగలదని 1911లో పరిశోధకుడు ఎ.జి. లెవీ చూపాడు. అంటే, దూది చల్లబడి ఆవిరి పల్చబడిన క్షణాలూ ప్రమాదమే. మళ్ళీ చుక్క ఎప్పుడు వేయాలో ఎరిగిన చేతిలోనే ఆ టోపీ పనితనమంతా ఉంది.