అక్క కుట్టిన ఖైమా

దబ్బనం పట్టుకోవడం మా అక్కకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. శనక్కాయల గోతాలకు నోళ్లు కుట్టీ కుట్టీ బొటనవేలి పక్కన కాయ కాచిన చెయ్యి ఆమెది. పోయిన వేసవిలో ప్రొద్దుటూరులో మా మిద్దె మీద కూర్చుని ఆమె పదహారు గోతాలు విప్పి, పరిచి, ఒకదానికొకటి కలిపి కుట్టింది. ఈసారి కుట్టింది మూట కాదు, ఇంటి కప్పు. అరబ్బు ఎడారుల్లో బెదూయిన్లు ఉండే గుడారం లాంటిది సొంతంగా ఒకటి కట్టాలని మా బావకు కోరిక.

బావది పులివెందుల దగ్గర పల్లె. చీనీచెట్లు ఎండిపోయి, బోర్లు వరసగా ఎత్తిపోయి, 2003లో కువైట్ పోయినాడు. 2022లో తిరిగొచ్చినాడు. ఆ లెక్కను ఆయన ఏళ్లలో చెప్పడు. పంతొమ్మిది చలికాలాలు అంటాడు. కారణముంది. నవంబరు నడిమి నుంచి మార్చి నడిమి దాకా కువైట్ కుటుంబాలు ఊరొదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. ఆ ఎడారి వాళ్ల మాటలో బర్ర్, ఆ గుడారం ఖైమా. మా బావది ఇంటి డ్రైవరు కొలువు. చలికాలం వస్తే ఖైమా నిలబెట్టడం, తాళ్లు చూడడం, మళ్లీ విప్పి లారీకెక్కించడం కూడా ఆయన పనే. వెళ్లిన కొత్తలో యజమాని ఇంటివాళ్లు బుధవారం రాత్రే దిగేవాళ్లట. 2007లో అక్కడి వారపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. అప్పట్నుంచి గురువారం చీకటి పడేలోపు తాళ్లన్నీ బిగించి ఉండాల.

“గుడారమంటే గుడ్డ అనుకుంటారు అబ్బీ. గుడ్డ కాదు, తాడు” అని మొదలుపెట్టినాడు. ఆ ఒక్క మాట నాకు తలకెక్కడానికి రెండు వారాలు పట్టింది.

మన ఇళ్లన్నీ బరువు మీద నిలబడతాయి. మా పాత మిద్దె చూడండి, గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కడప బండలు, ఆ పైన మట్టి. బరువు కిందికి దిగుతూ దిగుతూ నేలలో కలుస్తుంది. పూరిగుడిసెకైనా నడుమ నిట్రాడు, దాని మీద వాసాలు, ఆ పైన బోద. అదీ బరువే. బెదూయిన్ గుడారంలో కట్టె గుడ్డను మోయదు. కట్టె పైకి తోస్తుంది, తాడు పక్కలకు లాగుతుంది, ఆ రెంటి పోట్లాటలో నీడ నిలబడుతుంది. ఏ ఒక్క తాడు వదులైనా తక్కినవన్నీ దాని పని మోయాల్సి వస్తుంది. తాళ్లు పొడుగ్గా, నేలకు దగ్గరగా, ఏటవాలుగా పోతాయి. అందుకే గుడారం పొట్టిగా, నేలను కరుచుకున్నట్టు ఉంటుంది. గాలి దాన్ని గుద్దలేదు, మీది నుంచి జారిపోతుంది.

అసలైన దానికి అరబ్బీలో పేరు బైత్ అష్షార్, అంటే వెంట్రుకల ఇల్లు. మేకబొచ్చు వడికి, నేల మీద గూటాలు కొట్టి పరిచిన మగ్గంపై సన్నటి బారు పట్టీలు నేస్తారు. ఆ పట్టీలు పక్కపక్కన పెట్టి కుడితే కప్పు. వడికేదీ, నేసేదీ, కుట్టేదీ ఆడవాళ్లు. ఇల్లు నిలబెట్టేదీ విప్పేదీ కూడా వాళ్లే. నేలమగ్గం మీద నేసే ఈ పనిని సదూ అంటారు. సౌదీ, కువైట్ కలిసి దీన్ని 2020లో యునెస్కో జాబితాలోకి ఎక్కించినాయి. నాకు బాగా నచ్చింది మరొకటి. కప్పు పాతబడితే మొత్తం మార్చరు. కొత్త పట్టీని ఎండా వానా ఎక్కువ తగిలే నడుమ చేరుస్తారు, పాతవి అంచులకు జరుగుతాయి, ఇంకా పాతబడితే గోడలవుతాయి. ఇది వింటుంటే మా జేజి బొంత కళ్లముందుకొచ్చింది. ఆమె కూడా చిరిగిన కోకను పారేసేది కాదు, లోపలి పొరకు దించేది. మా ఇంట్లో ఇప్పటికీ ఉన్న బొంతలో ముగ్గురు ఆడవాళ్ల కోకలు ఉన్నాయి.

మేకబొచ్చు గుడ్డ ఎండలో పోగులు వదులై గాలిని పోనిస్తుంది. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. గుడ్డ నల్లగా ఉంటుంది కదా, ఎండ తాగదా అని అక్క అడిగింది. తాగుతుంది. 1980లో నేచర్ పత్రికలో నలుగురు శాస్త్రవేత్తలు బెదూయిన్ల నల్ల అంగీల మీద ఒక పరిశోధన అచ్చువేసినారు. నల్లబట్ట తెల్లదానికంటే ఎక్కువ వేడిని తాగుతుంది గానీ, ఆ వేడి ఒంటిదాకా రాకముందే నడుమనున్న గాలి పట్టుకుపోతుందనీ, చివరికి ఒంటికి తగిలేది రెంటిలోనూ ఒకటేననీ తేల్చినారు. గుడారంలో కప్పు కింద ఇంకా ఎక్కువ గాలి ఉంటుంది. నల్లదనం చిక్కటి నీడను కూడా ఇస్తుంది. మే నెలలో ప్రొద్దుటూరు మిద్దె మీద నిలబడినవాళ్లకు చిక్కటి నీడ విలువ విడమర్చి చెప్పక్కర్లేదు.

మాకు మేకబొచ్చు గుడ్డ దొరకలేదు. బజారులో టార్పాలిన్ పట్ట తెస్తే పని అరగంటలో అయిపోయేది. బావ ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ పట్ట కింద మధ్యాహ్నం కూర్చుంటే ఉడికిపోతాం, అది ఊపిరి తీసుకోదు. అందుకే గోతాలు. జనపనార కూడా తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే గాలినిస్తుంది. గోతం కుట్టు విప్పి పరిస్తే నాలుగున్నర అడుగుల పొడుగు, మూడున్నర అడుగుల వెడల్పు వస్తుంది. నాలుగేసి గోతాలు బారుగా కలిపి నాలుగు పట్టీలు, నాలుగు పట్టీలు పక్కపక్కన కలిపితే పదిహేడు అడుగుల పొడుగు, పదమూడున్నర అడుగుల వెడల్పు. అంచుల్ని ఒకదాంట్లో ఒకటి మడిచి, పురికొసతో రెండు వరసలు కుట్టాల. ఒక్క వరసైతే నీళ్లు కుట్టు వెంబడే కారతాయి. ఇది అక్క చెప్పిన మాట, బావది కాదు.

మొదటిసారి తొందరపడినాం. నడుమ మూడు ఏడడుగుల బొంగులు, ముందూ వెనకా మూడేసి ఐదడుగులవి, గుడ్డ కిందికి నేరుగా దూర్చి తాళ్లు కట్టేసినాం. చూడ్డానికి బాగుండింది. నాలుగోనాడు సాయంత్రం గాలివాన లేచింది. కప్పు ఒక్కసారి పైకి ఎగిరి, దిగేటప్పుడు నడిమి బొంగు గోతాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. అక్క రెండునాళ్ల కుట్టు పోయింది. తప్పు నాది. కప్పు కింద అడ్డంగా కుట్టే పట్టీ దొరికేదాకా ఆగుదామని బావ అంటుండగా, ఆదివారం చుట్టాలొస్తారని నిలబెట్టించినది నేను.

ఆ పట్టీయే గుడారానికి వెన్నెముక. కప్పు కిందిభాగాన, కుట్లకు అడ్డంగా, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా దళసరి పట్టీలు కుట్టాల. కట్టె తల పట్టీకి తగలాల, గుడ్డకు కాదు. తాడు కట్టేదీ ఆ పట్టీ కొసకే. అప్పుడు లాగుడంతా తాడు నుంచి పట్టీకి, పట్టీ నుంచి కట్టెకు పోతుంది. గుడ్డ వాటి మధ్య వేలాడుతూ నీడనిస్తుంది, అంతే. బెదూయిన్ ఆడవాళ్లు ఈ పట్టీలను కూడా నేసుకుంటారు. మనకేది అంత గట్టిది అని ఆలోచిస్తుంటే అక్కే అన్నది, “నవారు ఉంది కదరా.” మనుషుల బరువును రాత్రంతా లాగి పట్టుకునే పట్టీ. జమ్మలమడుగులో ఒక పాత అంగట్లో ఇంకా నూలు నవారు చుట్టలు అమ్ముతున్నారని తెలిసి పోయినాం.

ఆ దోవలోనే పెన్న ఒడ్డున ఒక చేలో గొర్రెల మంద పెట్టి ఉండింది. ఎరువు కోసం రైతు మందను నిలిపించుకుంటాడు, కాపరి రాత్రిళ్లు చేలోనే ఉంటాడు. ఆ పెద్దాయన తన నల్ల కంబళిని రెండు కట్టెల మీద కప్పి, కొసలకు రాళ్లు పెట్టుకున్నాడు. బావ బండి దిగి దాన్ని చేత్తో తడిమినాడు. సన్నటి వెడల్పు నేసి నడుమ కలిపి కుట్టిన కుట్టు, చింతగింజల గంజి పట్టించిన బిరుసు. వాన పడితే దిగదా అని అడిగినాడు. “దిగదు సామీ, తడిసేకొద్దీ మూసుకుంటాది” అన్నాడు పెద్దాయన. బావ చాలాసేపు మాట్లాడలేదు. పంతొమ్మిది చలికాలాలు సముద్రం అవతల చూసిన విద్య ఇంటికి ఇరవై మైళ్ల లోపల కంబళిగా కప్పుకుని ఉంది. గొర్రెబొచ్చు, మేకబొచ్చు అన్నదే తేడా. ఇప్పుడు మా వైపు మందల్లో ఎక్కువగా కనిపించేవి నెల్లూరు గొర్రెలు, వాటికి కత్తిరించే ఉన్నే ఉండదు. నల్ల ఉన్నినిచ్చే దక్కనీ గొర్రె తగ్గేకొద్దీ కంబళి నేసే కురబల మగ్గాలూ తగ్గినాయి. ఆ పెద్దాయన కంబళి ఆయన తండ్రిదట.

ఈ నేలకు గుడారాలు కొత్తవి కావు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే గండికోటకు వచ్చినప్పుడు, కోటను గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను డేరాలోనే కలిసినాడు. నేల మీద కూర్చుని కాలివేళ్ల సందుల్లో, చేతివేళ్ల సందుల్లో ఉత్తరాలు ఇరికించుకుని కొలువు నడిపిన తీరును రాసిపెట్టినాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా డేరా వేసుకుని శిస్తు తేల్చినాడు. ఆ డేరాలు చరిత్రలోకి ఎక్కినాయి. వాటికి గూటాలు కొట్టినవాళ్ల పేర్లు ఎక్కలేదు. మందకాపరి కంబళి గుడారం సంగతి ఎవరు రాస్తారు? 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన జిల్లావాళ్లు ఎందరో ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం దొరికేదాకా శిబిరాల గుడారాల్లో పడి ఉన్నారు. లక్షకు పైగా భారతీయుల్ని అలా తీసుకొచ్చినారు. మా వీధిలో ఆ గుడారంలో పడుకున్న చిన్నాయన ఒకాయన ఉన్నాడు. మా మిద్దె మెట్ల దాకా వచ్చి, పైకి చూసి, “బాగుందిలే” అని వెనక్కి పోయినాడు. నేను బలవంతం చేయలేదు.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అరబ్బీలో బైత్ అంటే ఇల్లూ, పద్యంలో ఒక పాదాల జంటా. వాళ్ల ఛందస్సులో మన గణాల్లాంటి చిన్న తునకలకు పెట్టిన పేర్లు సబబ్, వతద్. ఒకటి తాడు, ఒకటి గూటం. పద్యాన్ని గుడారంలా నిలబెట్టిన జాతి అది. కవులు పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకటశేషశాస్త్రి నడిచిన వీధుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి నిదానంగా కట్టినాం. మూడు నవారు పట్టీలు అడ్డంగా, ఒక్కోదాని కింద మూడు బొంగులు. బొంగు తలకూ నవారుకూ మధ్య అరచేయంత చెక్క, ఒరుసుకోకుండా. మిద్దె మీద గూటం దిగదు కాబట్టి పెన్న ఇసుక నింపిన మూటలు, వాటి మీద బండలు. కొన్ని తాళ్లు పిట్టగోడ కంతలకు. బావ ఒక్కో తాడునూ వేలితో మీటి, చెవి ఆనించి విన్నాడు. అన్నీ ఒకే గొంతుతో పలకాలట. వెనకవైపు గోడను గాలి వచ్చే దిక్కుకు పెట్టినాం. గోడలంటే మా పాత కంబళ్లు రెండు. వాటిని కప్పుకు కుట్టకుండా, విస్తరాకు కుట్టినట్టు వెదురు పుల్లలతో గుచ్చినాం. గాలి దిక్కు మారితే పుల్లలు తీసి గోడను అటుపక్కకు మార్చుకోవచ్చు. ఎడారిలోనూ అంతే, పొడవాటి చీలలు గుచ్చి పెడతారు. నడుమ జేజి బొంతను తెరగా వేలాడదీసింది అక్క. బెదూయిన్ల ఇంట్లో అలాంటి తెరకు ఒకపక్క మగవాళ్లు, అతిథులు, కాఫీ కాచే కుంపటి. రెండోపక్క ఆడవాళ్లు, పిల్లలు, వంట, సామాను.

జూన్ మొదటి వాన రాత్రిపూట వచ్చింది. మేమంతా లోపలే ఉన్నాం. మొదటి ఐదు నిమిషాలు తుంపర్లు సన్నగా దిగినాయి. తర్వాత నార ఉబ్బింది. చుక్కలు ఆగిపోయి, కప్పు మీద నీళ్లు వెనక్కి జారుతున్న చప్పుడు, తడిసిన గోతాల వాసన. పిల్లలు అరుస్తున్నారు. బావ మాత్రం బయట ఉన్నాడు. తలమీద తువ్వాలు వేసుకుని తాళ్లు ఒక్కోటీ తడుముతూ, గాలికి వదులైనవి బిగిస్తూ, గుడారం చుట్టూ తిరుగుతున్నాడు. రమ్మని పిలిచినా, “మీరు కూచోండి, నేను చూస్తాండా” అంటాడు. గాలి తగ్గింది. అయినా తిరుగుతూనే ఉన్నాడు.

అక్క లేచిపోయి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి తెరకు ఈ పక్కా ఆ పక్కా చూసినాడు. అంతమందిలో ఆయన అడిగిన మాట నేనొక్కణ్ణే విన్నాననుకుంటా.

“నేను యాడ కూచోవాల?”

“నేను కుట్టిన ఇల్లు ఇది బావా” అంది అక్క. జేజి బొంతను తాడు మీదికి ఎత్తి వేసి, నడిమి బొంగు పక్కన చాప సర్దింది. “ఈడ కూచో. తల తుడుచుకో ముందు.”