పచ్చ వైరు, నల్ల వైరు

"ఎస్‌ఎంపీఎస్ కాలింది, దాంతోని బోర్డు గూడ పోయింది. రెండూ మార్వాలె." ఈ వారం నాకు కోపం తెప్పించిన మాట ఇది. నల్లగొండలో ఒక కంప్యూటర్ దుకాణంలో మా పక్కింటి పిల్లవాడికి ఈ తీర్పు చెప్పి పంపించారు. మీటరు బయటికి తీయలేదు, కేబినెట్ పక్క రేకు విప్పలేదు. బటన్ నొక్కితే లైటు రాలేదు, అంతే. బోర్డంటే వేల రూపాయలు. డిగ్రీ చదివే పిల్లవాడికి అది చిన్న మాట కాదు.

వాడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకు పోయి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఒక్కొక్కటే బేరమాడి తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకున్నాడు. ఇలా సొంతంగా అసెంబుల్ చేసేవాళ్లలో ఎక్కువమంది చేసే పనే వాడూ చేశాడు. డబ్బంతా ప్రాసెసర్ మీద పెట్టి, మిగిలినదాంతో కేబినెట్ కొని, దాంతో వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే వాడాడు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి పెట్టె మొత్తానికీ పంచేది ఆ డబ్బానే. మొన్న గాలిదుమారం రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే కంప్యూటర్ లేవలేదు.

"మామా, ముందు ఏం జూడాలె?" అని వచ్చాడు.

ముందు కంప్యూటర్‌ను కాదు, ఇంటిని చూడమన్నాను. ఆ రాత్రి వాడకట్టులో ఇంకెవరి ఇంట్లో ఏం పోయాయో కనుక్కోమన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి 230 బదులు 400 వోల్టుల దాకా వచ్చేస్తుంది. టీవీలు, ఫ్యాన్లు, బల్బులు వరసగా పోతాయి. మన ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. అట్లాంటి రాత్రయితే ఎస్‌ఎంపీఎస్ ఒక్కదాన్నే అనుమానించి లాభం లేదు. వాడు నాలుగిళ్లు తిరిగి వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ప్లగ్గులో టెస్టర్ వెలిగింది. పవర్ కార్డు మార్చి చూశాడు, మార్పు లేదు. కేబినెట్ ముందు బటన్ పాడయిందేమోనని బోర్డు మీద ఆ బటన్ వైర్లు దిగే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలిపి చూశాడు. అప్పుడూ లేవలేదు.

ఆ తర్వాతే డబ్బా వంతు. కరెంటు తీసేసి, దాని వైర్లన్నీ బోర్డు నుంచి ఊడబీకించాను. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో ఏ రంగు వైరు మీద ఎన్ని వోల్టులుండాలో ముందే రాసి ఉంది. అందుకే ఈ పరీక్షకు ఇంజినీరు అక్కర్లేదు. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరు ఒకటే ఉంటుంది, అది 16వ పిన్ను. దాన్ని పక్కనున్న నల్ల వైరుతో జెమ్ క్లిప్ వంచి కలిపితే బోర్డు లేకుండానే డబ్బా ఆన్ అవుతుంది. ఈ మధ్య డబ్బాల్లో వైర్లన్నీ నల్లగానే వస్తున్నాయి, అక్కడ రంగును కాక పిన్ను నంబరును నమ్ముకోవాలి. క్లిప్ పెట్టాకే ప్లగ్ పెట్టాలి. డబ్బా మూత మాత్రం తీయొద్దని గట్టిగా చెప్పాను. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైచిలుకు నిలవుంటుంది, ప్లగ్ తీసినా అది వెంటనే పోదు.

క్లిప్ పెట్టి ప్లగ్ వేశాడు. ఫ్యాను ఒక్కసారి అదిరి ఆగిపోయింది. అప్పుడు క్లిప్ తీసి మీటరు చేతికిచ్చాను. ఊదా రంగు వైరు మీద ఒక ప్రోబు, నల్ల వైరు మీద ఒకటి. ఈ ఊదా వైరు సంగతి చాలామందికి తెలియదు. కంప్యూటర్ ఆపి ఉన్నా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ దీని మీద 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కినప్పుడు బోర్డుకు తెలివి వచ్చేది ఆ ఐదింటితోనే. 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 4.75కు తగ్గొద్దు, 5.25 దాటొద్దు. మీటరు 3.4 చూపించి, 3.1కి జారి, మళ్లీ పైకి ఎక్కింది. వాడు పరీక్ష నోట్సు వెనక అట్ట మీద రాసుకున్నాడు: "ఊదా – 5 ఉండాలె, 3.4 ఉన్నది, ఊగుతున్నది."

ఆ ఒక్క వాక్యం చూసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి, ఎట్లా ఉన్నాయి. లోపం వెతకడమంటే ఇదే.

తర్వాత బోర్డు మీది కనెక్టర్‌లో పసుపు, నలుపు దిగే చోట్ల మీటరు పెట్టి షార్టు లేదని చూసుకున్నాం. స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించాడు. కంప్యూటర్ లేచింది. పోయిందన్న బోర్డు బ్రహ్మాండంగా ఉంది.

ఈ పద్ధతి నేను కంప్యూటర్లతో నేర్చుకోలేదు, దేవరకొండ రోడ్డులో ఒక మోటరు వైండింగ్ దుకాణంలో చూసి నేర్చుకున్నాను. రాష్ట్రం రాకముందు, వ్యవసాయానికి ఏడు గంటల కరెంటును పగలు కొంత, రాత్రి కొంత ముక్కలు చేసి ఇచ్చే రోజులు. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రం 815.6 మెగావాట్లు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లు. కరెంటు పుట్టే చోటు మనదే, బాయికాడ మోటరు కాలేదీ మనదే. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు మోటర్లన్నిటినీ ఒకేసారి ఎత్తుకునేవి, వోల్టేజీ కూలబడేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టేముందు ఆ ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు ఊరూరా తిరిగి చెప్పింది అందుకే.

ఎండాకాలం ఆ దుకాణం ముందు కాలిన సబ్‌మర్సిబుల్ మోటర్లు కట్టెల మోపులా పేర్చి ఉండేవి. రైతు మోటరు దించగానే మేస్త్రీ దాన్ని ముట్టేవాడు కాదు, అడిగేవాడు. "మీ ట్రాన్స్‌ఫారం మీద ఎన్ని మోటర్లున్నయే? ఇంకెవలియన్న కాలినయా? ఫీజులు మూడూ ఉన్నయా, ఒకటి ఊడిందా?" ఆ తర్వాతే విప్పేవాడు. విప్పాక వైండింగ్ రంగు చూసేవాడు. తీగంతా ఒకే తీరుగా నల్లబడితే లో వోల్టేజీయో, మోయలేని బరువో అని తీర్పు. కొన్ని చుట్లు మాడి, పక్కవి ఎర్రగా మెరుస్తుంటే ఒక ఫేజు పోయిందన్నమాట. అప్పుడు రైతుతో ఖరాఖండిగా చెప్పేవాడు: "నేను చుట్టిస్త, గని నువ్వు పోయి ఫీజు ఏయించకపోతే ఎల్లుండి మళ్ల తెస్తవ్."

ఆయన గోడకు ఒక సిరీస్ బల్బు వేలాడేది. హోల్డరులో వంద వాట్ల బల్బు, దానికి వరసలో రెండు వైర్లు. తీగ తెగిందా, బాడీకి షార్టయిందా, ఆ బల్బే చెప్పేది. ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ రిపేరు చేసే మెకానిక్కులు కూడా అదే బల్బు వాడతారు. రిపేరయిన డబ్బాకు నేరుగా కరెంటు ఇవ్వకుండా మధ్యలో బల్బు పెడతారు. క్షణం మెరిసి మసకబారితే బాగున్నట్టు, గుప్పున వెలిగి అట్లాగే నిలిస్తే లోపల ఇంకా షార్టున్నట్టు. బోరుబావి మోటరు నుంచి కంప్యూటర్ దాకా వచ్చిన ఆ పనిముట్టంటే నాకు గౌరవం.

ఆ మేస్త్రీ దగ్గర ఒక నియమం ఉండేది. ఎంత మాడిన మోటరైనా చుట్టేవాడు, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే పాడయితే మాత్రం ముట్టేవాడు కాదు. రైతు బతిమాలినా, "రెండు రోజులకు నడిపియ్యే" అన్నా, కొత్తది వేయాల్సిందే. అప్పట్లో చాలామంది ఆ రిలేను తీగతో కట్టేసి, స్టార్టరు బటన్‌కు పుల్ల అడ్డంపెట్టి నడిపేవాళ్లు. పొద్దున్నే పొగ వాసన. "మోటరును కాసే వస్తువును సగం బాగు చేయొద్దు" అనేవాడు ఆయన. ఆ రోజుల్లో ఇది నాకు మొండితనంలా తోచింది.

మా పక్కింటి పిల్లవాడు కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనుక్కున్నాడు. పాతది నాకిచ్చాడు. రిపేరు మీద నా పట్టుదల ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. పారేసేముందు విప్పాలి, విప్పినది బాగుచేయాలి, బాగుచేసే చేతులను ఊళ్లో నిలబెట్టుకోవాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు ఇక్కడే ఎంతో ఆశగా రాశాను. అదే ఆశతో డబ్బాను ప్లగ్ తీసి రోజులకొద్దీ పక్కన పెట్టి, మూత విప్పి, ముందు బల్బుతో కెపాసిటర్లు ఖాళీ చేశాను. నల్లగొండ పత్తి నూగు, ఎర్రమట్టి కలిసి ఫ్యాను రెక్కల మీద దట్టంగా అట్ట కట్టాయి. హీట్‌సింక్‌కు ఆనుకుని, ఊదా వైరుకు కరెంటు ఇచ్చే స్టాండ్‌బై సర్క్యూట్‌లో రెండు చిన్న కెపాసిటర్లు ఉన్నాయి. ఒకదాని తల ఉబ్బి, పైన గోధుమరంగు కారి ఎండిపోయి ఉంది. దాని తొడుగు మీద 85 డిగ్రీలని ముద్ర. మంచి డబ్బాల్లో 105 డిగ్రీలవి వేస్తారు. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్ల మోటు లెక్క. మన ఎండలు 45ను ముట్టుకునే చోట, ఫ్యాను మట్టి పట్టిన డబ్బాలో, హీట్‌సింక్ పక్కన ఆ చౌక కెపాసిటర్ ఎన్నాళ్లుంటుంది?

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొత్త కెపాసిటర్ కొన్ని రూపాయలకే దొరుకుతుంది. టంకం పెట్టడం అరగంట పని. మళ్లీ బతికించి పిల్లవాడికి ఇచ్చేస్తే స్పేరుగా పడి ఉంటుందన్నది నా మొదటి ఆలోచన. కానీ ఈసారి ఆ దారిన పోలేదు. ఇట్లాంటి చౌక డబ్బాల్లో ఆ స్టాండ్‌బై సర్క్యూట్‌లోని చిన్న కెపాసిటర్ ఎండిపోతే కొన్నిట్లో వోల్టేజీ పడిపోతుంది, కొన్నిట్లో పెరిగిపోతుంది. 5 ఉండాల్సిన చోట దానికి రెట్టింపు వచ్చి బోర్డులు కాలిన సందర్భాలు మెకానిక్కులకు బాగా తెలుసు. పిల్లవాడి అదృష్టం, వాడి డబ్బాలో పడిపోయింది. ఉబ్బిన కెపాసిటర్ మారుస్తాను సరే. దాని పక్కన ఉబ్బకుండానే ఎండిపోయిన వాటి సంగతి మామూలు మీటరు చెప్పదు. వేల రూపాయల బోర్డుకూ, ప్రాసెసర్‌కూ, వాడి చదువు ఫైళ్లున్న డిస్కుకూ కరెంటు ఇచ్చేదీ ఇదే, కాపలా కాసేదీ ఇదే. వైండింగ్ మేస్త్రీ రిలేను ఎందుకు ముట్టలేదో ఇన్నాళ్లకు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ డబ్బాను బాగు చేయలేదు. ఫ్యానూ, వైర్లూ తీసుకుని మిగతాది పక్కన పెట్టేశాను.

అందుకని ఈ ఒక్క వస్తువు విషయంలో నా మాట మారుతోంది. రేడియో బాగుచేయండి, మిక్సీ బాగుచేయండి, మానిటర్ బాగుచేయండి. చౌకరకం ఎస్‌ఎంపీఎస్ పాడయితే బాగుచేయకండి, మార్చండి. కంప్యూటర్ బిగించుకునే పిల్లలు ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు, డబ్బా మాత్రం పేరున్నది, వారంటీ ఉన్నది తీసుకోండి.

డబ్బా మార్చినంత మాత్రాన ఇంటి ఎర్తు మారదు కదా. కేబినెట్ రేకు ముట్టుకుంటే జిల్లుమంటోందని మహబూబ్‌నగర్ నుంచీ, దేవరకొండ నుంచీ పాఠకులు రాస్తూనే ఉంటారు. అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాకపోవచ్చు. దాని లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే రేకు మీద సరఫరాలో సగం దాకా వోల్టేజీ నిలుస్తుంది. కరెంటు స్వల్పమే, కానీ నిజంగా షార్టయిన రోజున కాపాడేదేమీ ఉండదు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల కింద గ్రానైటు. మే నెలలో ఎర్తు గుంత ఎండి రాయవుతుంది. బొగ్గు, ఉప్పు వేసి లోతుగా పాతించండి, ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండండి. ఇది ఎన్నిసార్లు రాశానన్నది కాదు, ఎన్ని ఇళ్లలో జరిగిందన్నదే నాకు కావాలి.

దుకాణాల వాళ్లకు ఒక విన్నపం. పిల్లవాడు పెట్టె మోసుకుని వస్తే, బోర్డు పోయిందని చెప్పేముందు ఊదా వైరు మీద ఒక్కసారి మీటరు పెట్టండి. మీకు పట్టేది నిమిషం. కంప్యూటర్ మోసుకుపోయే వాళ్లకు కూడా చెబుతున్నాను. ఆ నిమిషం పని మీ కళ్ల ముందు జరిగేదాకా జేబులోంచి డబ్బు తీయకండి.