ఐపీ వకీలు నేర్పు

అప్పు ఎవరైనా చేయగలరు. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడానికి మాత్రం చెయ్యి తిరిగిన వకీలు ఉండాలి. మన కోర్టుల్లో మామూలు మనుషుల దివాలా నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. అనుభవజ్ఞుడైన వకీలు పిటిషన్ రాసేముందే ప్రోనోట్లు, చిట్టీ బాకీలు, బ్యాంకు కాగితాలు అన్నీ బల్లమీద పరిపిస్తారు. ఒక్క అప్పులవాడి పేరూ జాబితాలోంచి జారిపోనివ్వరు. భార్య పేర పొలం ఎప్పుడు రాశావని మొహమాటం లేకుండా అడుగుతారు. దివాలాకు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని, మూడు నెలల్లో కావాలని ఒకరికే తీర్చిన బాకీని కోర్టు రద్దు చేయగలదు మరి. అప్పంతా ఇట్టే ఎగిరిపోతుందనే వారిని వదిలి, ఇలా గుచ్చి గుచ్చి అడిగేవారికే వకాల్తా ఇవ్వాలి.