కొండ దిగే విద్య

తిరుమలకు కాలినడకన వెళ్ళేవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం బస్సులోనే చేస్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అన్నీ ఓపిగ్గా ఎక్కుతారు. మోకాళ్ళ పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళూ ఉన్నారు. దర్శనం అయ్యాక లడ్డూల సంచీ పట్టుకుని నేరుగా బస్టాండుకే. మొక్కు ఎక్కడానికే కదా, అందులో తప్పేమీ లేదు. కానీ మనలో ఎంతోమందికి కొండ నడక పరిచయమైంది ఆ మెట్ల మీదే. అందుకే కొండంటే ఎక్కేదేనన్న లెక్క మనసులో పడిపోయింది.

డిసెంబరు వచ్చేసరికి హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ కుర్రాళ్ళు ఉత్తరాఖండ్ మంచు కొండలకు బయల్దేరుతున్నారు. నెల ముందునుంచీ అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కడం, లిఫ్టులో దిగడం, మళ్ళీ ఎక్కడం. అదే సాధన. అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది, దాన్ని తిరగేసి చెయ్యమని. లిఫ్టులో ఎక్కండి, మెట్లు దిగండి.

ఎక్కేటప్పుడు కష్టపడేది ముఖ్యంగా గుండె, ఊపిరితిత్తులు. ఆయాసం వస్తుంది, ఆగుతాం, నాలుగు గుక్కల నీళ్ళు తాగుతాం, సర్దుకుంటుంది. దిగేటప్పుడు ఆ ఆయాసం ఉండదు కాబట్టి పని సులువనిపిస్తుంది. నిజానికి అడుగు కిందికి పడిన ప్రతిసారీ ఒంటి బరువు మొత్తాన్ని నిలవరించాల్సింది తొడల ముందు కండరాలు. అవి సాగుతూనే బిగిసి ఉండాలి. కండరాన్ని బాగా నలగ్గొట్టే పని ఇదే. ఆ నలుగుడు అప్పటికప్పుడు తెలియదు. మర్నాడు మొదలై, రెండో రోజుకు కుర్చీలోంచి లేవనివ్వదు. అయితే శరీరానికి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి ఇలా నలిగి కోలుకున్న కండరం కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మెట్లు బాగా దిగి, ఆ నొప్పేదో ఇంట్లోనే పడేస్తే మంచు మీద కాళ్ళు వణకవు.

ఇక దిగే పద్ధతి. అది నేను పాడేరు కొండల్లో నేర్చుకున్నాను. అక్కడ సంత రోజు పొద్దున్నే పై ఊళ్ళ నుంచి కావళ్ళు దిగుతాయి. వంజంగి వైపు ఒక దారిలో ఒక పెద్దాయన వెనకాలే, ఆయన కాళ్ళనే చూస్తూ దిగాను. కావడికి రెండువైపులా అల్లం బుట్టలు. కాళ్ళకు చెప్పుల్లేవు. అడుగుకూ అడుగుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. మోకాలు ఎక్కడా నిటారు కాలేదు, ఎప్పుడూ కాస్త వంగే ఉంది. పాదమంతా ఒక్కసారే నేలకు ఆనుతోంది, వేళ్ళు విచ్చుకుని మట్టిని పట్టుకుంటున్నాయి. బద్ద ఊగే లయ, అడుగుల లయ ఒకటే. బండ మీద సన్న గులక పరుచుకున్నచోట పక్కకు తిరిగి, బండను వదిలేసి, అంచునున్న గడ్డి దుబ్బు మీద కాలు వేశాడు.

"కాసేపు ఆగుదాం తాతా" అన్నాను.

"ఆగి ఆగి దిగితేనే కాలు జారతాది బాబూ. సిన్న అడుగులెయ్యి. ఎనక్కి ఒరిగిపోకు" అన్నాడు.

ఆ ఆఖరి మాటలోనే అసలు కిటుకుంది. ఏటవాలు చూసి భయం వేయగానే మనిషి వెనక్కి ఒరుగుతాడు. ఒరిగితే బరువు పాదం మీద నుంచి తప్పుకుంటుంది, పాదానికి పట్టు పోతుంది, కాలు ముందుకు జారుతుంది. ఒంటిని పాదాల మీదే ఉంచుకోగలిగితే ఎర్రమట్టి, మంచు తడి, ఎండుటాకులు, వేటి మీదైనా నిలబడొచ్చు. భయం చెప్పినదానికి ఎదురు వెళ్ళాలన్నమాట. అది ఒక్కరోజులో వచ్చేది కాదు, దిగగా దిగగా వస్తుంది.

బూట్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బయల్దేరే ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోవాలి. దిగడం మొదలుపెట్టే చోట ఆగి లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టుకోవాలి. లేకపోతే పాదం బూటులో ముందుకు జరిగి, గోరు నల్లబడి ఊడిపోతుంది. చేతికర్రలుంటే ఎక్కేటప్పటి కంటే కాస్త పొడుగు చేసుకోవాలి. మోకాలి మీద పడే బరువులో కొంత అవి మోస్తాయి.

మంచు దగ్గరకు వచ్చేసరికి ఈ విద్యకు మరో అధ్యాయం కలుస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే కేదార్‌కంఠ ఎత్తు సుమారు 12,500 అడుగులు. సూర్యోదయానికి పైన ఉండాలని అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. అదే రోజు కింది క్యాంపు దాకా, కొందరు ఏకంగా సాంక్రీ ఊరి దాకా దిగుతారు. సాంక్రీ దాకా అంటే దాదాపు 6,000 అడుగుల దిగుడు, అదీ నిద్ర లేని ఒంటితో. పగలు కాస్త కరిగి, రాత్రి గడ్డకట్టి, వందలమంది బూట్ల కింద నలిగిన దారి చెట్ల నీడలో గాజుపలకలా ఉంటుంది. అక్కడ బూట్లకు మైక్రోస్పైక్స్ అనే ముళ్ళ పట్టీలు తగిలించుకుని పాదమంతా ఆనించి నడవాలి. ఎండకు మెత్తబడిన మంచు వచ్చిందంటే పద్ధతి మారుతుంది, అక్కడ మడమ గుచ్చి దిగాలి. మట్టి మీద నేర్చుకున్నది మంచు మీద అన్నిచోట్లా పనికిరాదు. ఇక సరదాకు కూర్చుని జారేవాళ్ళకు ఒక్క మాట: జారుడు ఎక్కడ ఆగుతుందో కళ్ళకు కనిపిస్తేనే కూర్చోండి, స్పైక్స్ విప్పి మరీ కూర్చోండి. ముళ్ళు మంచులో దిగబడితే చీలమండ విరుగుతుంది.

మన నల్లమలలో ఇదంతా తలకిందులుగా జరిగే చోటు ఒకటుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్ళేవాళ్ళు ముందు లోయలోకి దిగుతారు. "వస్తున్నాం లింగమయ్యా" అని కేకలు వేస్తూ, రాళ్ళ దారిలో ఒకరినొకరు ఒరుసుకుంటూ దిగి, జలపాతం దగ్గర చెంచుల లింగమయ్యను చూసుకుంటారు. ఎక్కడమనేది ఆ తర్వాత, వేసవి ఎండలో, అప్పటికే నలిగిన తొడలతో. కింద ఉన్నప్పుడే సగం నీళ్ళు మిగలాలని అక్కడికి ఏటా వెళ్ళేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎత్తు పెరిగేకొద్దీ ఈ లెక్క ప్రాణాల మీదికి వస్తుంది. 1921 నుంచి 2006 దాకా ఎవరెస్టు మీద జరిగిన మరణాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 8,000 మీటర్లు దాటి పైకెళ్ళి చనిపోయిన పర్వతారోహకుల్లో సగానికి పైగా శిఖరం నుంచి దిగుతూ పోయినవాళ్ళే. అలసట, తగ్గిన ప్రాణవాయువు, మించిపోయిన పొద్దు, అన్నీ దిగేవాడి మీదే పడతాయి. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆ వయసులో ఎక్కినందుకు దేశమంతా మెచ్చుకుంది. ఆ కొండను క్షేమంగా దిగి వచ్చినందుకు నేను ఇంకాస్త ఎక్కువ మెచ్చుకుంటాను. ఆమె సాధన మొదలైంది మన భువనగిరి కోట బండ మీదే. ఇప్పటికీ అక్కడ శిక్షణకు వచ్చే పిల్లలు బండ ఎక్కడంతోపాటు తాడు పట్టుకుని దిగడమూ నేర్చుకుంటున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఎక్కేటప్పుడు జట్టంతా ఒక్కటిగా ఉంటుంది. వెనకబడ్డవాళ్ళ కోసం ఆగుతారు, నీళ్ళిస్తారు, ఇంకొంచెమే అని ధైర్యం చెబుతారు. దిగేటప్పుడే చెదిరిపోతుంది. ఫొటోలు అయిపోయాయి, కింద బండి ఎదురుచూస్తోంది, ఎవరికి వాళ్ళు ముందుకు పోతారు. మోకాలు పట్టేసినవాళ్ళు ఒంటరిగా మిగులుతారు. ఈ చలికాలం కొండలకు వెళ్ళేవాళ్ళకు నా మనవి: దిగేటప్పుడు మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ సంచీ ఒకరు తీసుకోండి, ఇంకొకరు చివరిదాకా వాళ్ళ వెనకే నడవండి.